బండి ఎంత దూరం నడవాలి? ఎవరి ఖర్చుతో?



"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మన పెద్దలు అన్నారు. అయితే మన బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె ప్రాంతాల్లో సరుకు బండ్లు నడుపుకొని జీవించే తెలుగువారి మధ్య ఈ సామెత తలక్రిందులుగా కనబడుతుంది. ఇద్దరు డ్రైవర్లు టీ అంగడి దగ్గర కలిస్తే కొత్త బండి గూర్చి కన్నా పాత బండి గూర్చే ఎక్కువ గర్వంగా మాట్లాడుకుంటారు. "నాది మూడు లక్షలు దాటింది" అని ఒకరంటే, "నాది నాలుగు లక్షలు, ఇంతవరకు ఇంజను విప్పలేదు" అని మరొకరంటారు. ఈ లక్షలు రూపాయలు కావు, కిలోమీటర్లు.

ఆ గర్వంలో న్యాయం ఉంది. ఒక పికప్ బండిని నాలుగు లక్షల కిలోమీటర్లు నడిపించడం సామాన్యమైన పని కాదు. అయినప్పటికీ ఆ అంకె విన్నప్పుడు మనం మరొక ప్రశ్న కూడా అడగాలి. ఉన్న వస్తువును చివరికంటా వాడుకోవడం ఎల్లప్పుడూ సద్గుణమేనా? లేక ఒక హద్దు దాటిన తరువాత అదే తప్పుగా మారుతుందా? మారితే ఆ హద్దు ఎక్కడ? ఈ ప్రశ్న బండి ఉన్నవారికే కాదు, బండిని బాడుగకు పిలిచేవారికి, అది పోయే దారిలో కాపురముండేవారికి కూడా చెందినది. కనుక ఈ సంచికలో దీనిని కొంచెం నిదానంగా ఆలోచిద్దాము.

మొదట లెక్క

నేను మెకానిక్‌ను కాను. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను, కనుక లెక్కతోనే ఆరంభిస్తాను. ఒక బండి రోజుకు 150 కిలోమీటర్లు, సంవత్సరానికి 300 రోజులు తిరిగిందనుకోండి. సంవత్సరానికి 45,000 కిలోమీటర్లు. తొమ్మిదేండ్లకు 4,05,000. భూమధ్యరేఖ చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అంటే మన బొమ్మసంద్ర బండి భూమిని పదిసార్లు చుట్టివచ్చినట్టు. చంద్రుడు మనకు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆ దూరం కూడా దాటిపోయినట్టే.

ఇప్పుడు ఇంజను లోపలికి చూద్దాము. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి ఒక కిలోమీటరు. అప్పుడు ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుందనుకుంటే నాలుగు లక్షల కిలోమీటర్లకు 80 కోట్ల చుట్లు. ప్రతి చుట్టులోనూ పిస్టను ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి పోవాలి. మన గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఏడాదికి సుమారు 3 కోట్ల 78 లక్షల సార్లు అవుతుంది. 80 కోట్లు కావాలంటే ఇరవై ఒక్క సంవత్సరాలు పడుతుంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య ఇన్ని కోట్ల రాపిడి జరుగుతుంటే అడ్డుగా నిలిచేది పలుచని నూనె పొర ఒక్కటే. ఆ పొర ఉన్నంతకాలం ఇంజను ఉంటుంది. అది చెడితే మిగిలినవన్నీ బాగున్నా ప్రయోజనం లేదు.

అయితే మీటరు అన్నీ చెప్పదు. చందాపుర దగ్గర గానీ సిల్క్ బోర్డు దగ్గర గానీ అరగంట నిలబడితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. అందుకే ట్రాక్టరుకు కిలోమీటర్లు కాక గంటలు లెక్కించే మీటరు పెడతారు. ఒక బండి 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం దాకా తిన్నగా పోయివస్తుంది. మరొకటి బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ గేటు నుండి మరొక ఫ్యాక్టరీ గేటుకు రెండేసి కిలోమీటర్లు తిరుగుతుంది. ఈ రెండవ దానికే కష్టమెక్కువ. ఇంజను సరిగా వేడెక్కక ముందే ఆపేయడం వలన తేమ ఆవిరైపోక ఆయిలులోనే చేరుతుంది. చల్లని ఇంజనును మాటిమాటికీ స్టార్టు చేయడం వలన అరుగుదల పెరుగుతుంది. రెండు బండ్ల మీటర్లలోనూ రెండు లక్షలే ఉండవచ్చు, కానీ రెండింటి వయస్సు ఒకటి కాదు. మనుష్యులను కూడా పుట్టిన తేదీని బట్టి మాత్రమే కొలిస్తే ఈ పొరపాటే జరుగుతుంది.

నిలబెట్టేది ఏది?

బండి ఎక్కువకాలం నడవడానికి రహస్యమేమిటని అడిగితే మంచి డ్రైవర్లు పెద్ద మాటలేవీ చెప్పరు. ఆయిలు, ఆయిలు ఫిల్టరు సమయానికి మార్చాలి. దుమ్ము దారుల్లో తిరిగే బండికి గాలి ఫిల్టరును ఇంకా తరచుగా చూసుకోవాలి. రేడియేటరులో కుళాయి నీళ్ళు కాక కూలెంటు పోయాలి. గ్రీజు కొట్టవలసిన చోట కొట్టాలి. ట్యాపెట్ల శబ్దం మారితే చెవి పెట్టాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం కలది కనుక, చూడటానికి బాగానే ఉన్నా కాలం తీరగానే మార్చాలి. తేమ చేరిన బ్రేకు ఆయిలు వేడికి త్వరగా మరుగుతుంది. పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగే సమయంలో అది మరిగితే పెడలు తొక్కినా బ్రేకు పట్టదు.

ఇవన్నీ చిన్న పనులు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోకూడదనే సామెతకు బండికన్నా మంచి ఉదాహరణ ఉండదు. చిన్న పనులే గాని వాటిలో ఒక కష్టముంది. అవి చేసిన రోజున ఏ లాభమూ కనబడదు. ఆయిలు మార్చిన మరునాడు బండి నిన్నటిలాగే నడుస్తుంది. మార్చకపోయినా నిన్నటిలాగే నడుస్తుంది. తేడా తెలియడానికి లక్ష కిలోమీటర్లు కావాలి. అందుచేత బండిని కాపాడడమంటే ఫలితం కనబడని రోజుల్లో కూడా చేయవలసిన పని చేయడమే. పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించే ఉపాధ్యాయునికి, రోజూ పశువుల కొట్టం ఊడ్చే రైతుకు ఈ సంగతి బాగా తెలుసు.

లోకంలో దీనికి ప్రసిద్ధి పొందిన సాక్షి కూడా ఒక ఉపాధ్యాయుడే. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు లాంగ్ ఐలాండ్‌కు చెందిన అర్వ్ గోర్డన్ అనే సైన్సు మాస్టరు 1966లో వోల్వో పి1800 అనే కారు కొన్నారు. బడికి రానూపోనూ రోజుకు సుమారు 200 కిలోమీటర్లు దానిలోనే తిరిగేవారు. 2013లో ఆ కారు 30 లక్షల మైళ్ళు, అనగా సుమారు 48 లక్షల కిలోమీటర్లు పూర్తి చేసింది. ఒకే యజమాని చేతిలో అంత దూరం నడిచిన కారు మరొకటి లేదని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆయన 2018లో మరణించారు. ఆయన చేసిన దానిలో అద్భుతమేమీ లేదు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఏ పని ఎప్పుడు చేయమని ఉన్నదో అప్పుడు చేయించేవారు, అంతే.

మన వారిలో సాక్ష్యం కావాలంటే ఆర్టీసీని చూడండి. నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదు బస్ భవన్‌లో నేటికీ భద్రంగా ఉంది. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ పెద్దదై, ప్రపంచంలోనే అతి పెద్ద బస్సుల సముదాయంగా 1999లో గిన్నిస్‌లో చేరింది. కొన్నాళ్ళు ఎక్స్‌ప్రెస్‌గా తిరిగిన బస్సు తరువాత పల్లెవెలుగుగా మారడం మనమందరం ఎరిగినదే. రాత్రి డిపోకు చేరిన బస్సును ప్రొద్దున్నే గేటు దాటకముందు ఒక మనిషి చూడాలనే క్రమమే ఆ బస్సుల చేత లక్షల కిలోమీటర్లు నడిపించింది.

ఒక్కడి వలన అయ్యేది కాదు

ఇంకొక సంగతి చెప్పాలి. 1980లలో జపాను వారి సహకారంతో మన దేశంలో నాలుగు చిన్న ట్రక్కులు వచ్చాయి: స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, డి.సి.ఎం. టయోటా, మన అల్విన్ నిస్సాన్. అల్విన్ అంటే 1942లో హైదరాబాదు సనత్‌నగర్‌లో పుట్టి, ఫ్రిజ్‌లు, గడియారాలు, డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు చేసిన సంస్థ. నిస్సాన్‌తో కలిసి ట్రక్కులు చేసింది జహీరాబాదులో. తరువాత ఆ వ్యాపారం మహీంద్రా వారి చేతికి పోయింది. ఆ కాలంలోనే, 1986లో, టాటా వారు 407 తెచ్చారు. ఆ తరువాత 2005లో టాటా ఏస్ వచ్చింది. 2011లో మనకు ప్రక్కనే ఉన్న హోసూరులో అశోక్ లేలాండ్ వారు దోస్త్ బండి తయారుచేశారు. విశేషమేమిటంటే అందులోనూ నిస్సాన్ వారి చెయ్యి ఉంది.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, 407 బండ్లు పాతవైనా నేటికీ రోడ్ల మీద కనబడుతున్నాయి. అల్విన్ నిస్సాన్ మాత్రం ఎక్కడ కనబడినా ఆగి చూడవలసినదే. అల్విన్ యజమానులు తక్కువ శ్రద్ధ గలవారని చెప్పలేము. చేసిన కంపెనీ లేకపోతే స్పేరు పార్టులు దొరకవు, ఆ ఇంజను చేయి తిరిగిన మేస్త్రీలు కూడా మిగలరు. బండికి దీర్ఘాయుష్షు కావాలంటే ఒక్క యజమాని శ్రద్ధ చాలదు. బెంగళూరు జె.సి. రోడ్డులో ఆ పార్టు పేరు చెప్పగానే తీసి ఇచ్చే అంగడివాడు, విజయవాడ ఆటోనగర్‌లో కమాను కట్టలు విప్పి బిగించే మేస్త్రీ, శబ్దాన్ని బట్టి జబ్బు చెప్పే ముసలి మెకానిక్, వీరందరూ కావాలి. కనుక "నా బండి నాలుగు లక్షలు నడిచింది" అనేవాడు "మా బండి" అనడమే సబబు.

ఇస్రాయేలీయులు నలభై సంవత్సరాలు అరణ్యంలో తిరిగినప్పుడు వారి బట్టలు పాతగిలలేదని ద్వితీయోపదేశకాండములో చదువుతాము. అది ప్రత్యేకమైన కృప. పికప్ బండికి అటువంటి వాగ్దానమేదీ లేదు. మనకు ఇవ్వబడినది గ్రీజు గన్ను.

అదే బండి అనవచ్చునా?

క్లచ్ ప్లేటు ఎన్నోసార్లు మారింది. టైర్ల లెక్క చెప్పనవసరం లేదు. రేడియేటరు మారింది, క్యాబిన్ తలుపు మారింది, చివరికి ఇంజను కూడా బోరుకు వచ్చి స్లీవులు, పిస్టన్లు, రింగులు కొత్తవి వేశారు. ఇక ఇది అదే బండేనా? ఈ ప్రశ్న చాలా పాతది. పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చిన థీసియస్ ఓడ అదే ఓడేనా అని గ్రీకు తత్త్వవేత్తలు వాదించుకున్నారని ప్లూటార్కు వ్రాశాడు. మన దేశంలో నాగసేనుడనే భిక్షువు మిలిందుడనే యవన రాజును ఇటువంటి ప్రశ్నే అడిగాడు: చక్రమా రథం, ఇరుసా రథం, నొగలా రథం?

ఆర్.టి.ఓ. ఆఫీసు దీనికి తేలికగా జవాబు చెబుతుంది. ఛాసిస్ నంబరు ఏదో అదే బండి. ఇంజను మార్చితే ఆర్.సి.లో వ్రాయించుకోవాలి. చట్టానికి అది చాలు. కొనేవానికి మాత్రం చాలదు. ఏ భాగం ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్లకు, ఎందుకు మారిందో తెలిస్తేనే అతనికి ఆ బండి తెలిసినట్టు. నా దృష్టిలో పాత బండికి అసలైన గుర్తు సీటు వెనుక ఉండే నోటు పుస్తకమే. అందులో తేదీ, మీటరు అంకె, చేసిన పని, అయిన ఖర్చు వరుసగా ఉంటే ఎన్ని భాగాలు మారినా అది ఒకే జీవితం. ఆ పుస్తకం లేకుండా మీటరు వెనక్కు తిప్పి అమ్మేవాడు దొంగ త్రాసు పెట్టినవానితో సమానం. కొన్నవాడు ఆ అబద్ధపు అంకెను నమ్మి టైమింగ్ బెల్టు మార్చవలసిన సమయం దాటేస్తాడు, ఒకరోజు దారి మధ్యలో ఇంజను పోగొట్టుకుంటాడు.

ఖర్చు ఎవరి మీద పడుతోంది?

ఇక అసలు విషయానికి వస్తాను. పాత బండిని నడిపించడం పొదుపు అంటాము. నిజమే. కొత్త బండి చేయడానికి ఇనుము కరగాలి, రబ్బరు కావాలి, రంగు కావాలి. ఉన్నదానిని వాడుకుంటే అవన్నీ మిగులుతాయి. అప్పు లేదు, నెలనెలా కిస్తు లేదు. ఇదంతా మంచిదే. అయితే పొదుపు అనే మాట వాడే ముందు ఒక పరీక్ష ఉంది. నేను మిగిల్చుకున్న రూపాయి నిజంగా మిగిలిందా, లేక నా బదులు మరొకడు చెల్లించాడా?

మొదటిది పొగ. నిప్పు లేనిదే పొగ రాదంటారు. బండి విషయంలో పొగ రంగు కూడా మాట్లాడుతుంది. నల్లగా వస్తే డీజిలు సరిగా మండటం లేదు. గాలి ఫిల్టరో ఇంజెక్టరో చూడాలి. నీలంగా వస్తే ఇంజను ఆయిలు తింటోంది. ఇంజను వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే కూలెంటు లోపలికి పోతున్నదేమో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించేదని తేల్చి చెప్పింది. డ్రైవరు ముందు కూర్చుంటాడు, సైలెన్సరు వెనుక ఉంటుంది. ఆ పొగను పీల్చేది వెనుక స్కూటరు మీద పిల్లవానిని బడికి తీసుకుపోయే తల్లి, రోడ్డు ప్రక్కన తోపుడు బండి మీద పండ్లు అమ్ముకొనే అవ్వ. ఇంజెక్టర్లు బాగుచేయించకుండా మిగిల్చుకున్న డబ్బును ఆ అవ్వ ఊపిరితిత్తులు చెల్లిస్తున్నాయి. ఆమెను ఎవరూ అడగలేదు.

రెండవది బ్రేకు. బ్రేకు లైనింగు మరొక నెల ఆగవచ్చులే అనుకున్నప్పుడు ఆ నెల రోజుల అపాయాన్ని మనం మోయడం లేదు. ఎదుట రోడ్డు దాటేవాడు మోస్తున్నాడు.

మూడవది లోడు. కమాను కట్టలకు అదనంగా ఒక పట్టీ వేయించి రెట్టింపు సరుకు ఎత్తితే బండి తట్టుకోవచ్చు. రోడ్డు తట్టుకోదు. అమెరికాలో ఇలినాయి రాష్ట్రంలో 1958 నుండి 1960 వరకు జరిపిన ప్రసిద్ధమైన పరీక్షల్లో తేలిన సూత్రం ప్రకారం, ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు కలిగే నష్టం సుమారు పదహారింతలు. 2019 సెప్టెంబరు నుండి అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు అయింది. జరిమానా తప్పించుకున్నా గుంత మాత్రం మిగులుతుంది. ఆ గుంతలో వర్షాకాలపు రాత్రి ఎవరు పడతారో మనకు తెలియదు.

నాలుగవది డ్రైవరు ఒళ్ళు. బండికి సర్వీసు చేయించి తనకు మాత్రం నిద్ర లేకుండా నడిపేవారు ఉన్నారు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అని హద్దు పెట్టింది. తన బండి తానే నడుపుకొనేవానికి అడిగే అధికారి లేడు. అతని యజమాని అతడే, కఠినమైన యజమాని కూడా అతడే. విశ్రాంతి దినపు ఆజ్ఞలో ఎద్దునూ గాడిదనూ కూడా చేర్చి చెప్పబడింది. బండికి ఆదివారం అక్కరలేకపోవచ్చు, నడుముకు కావాలి, కండ్లకు కావాలి, భార్యాపిల్లలకు కావాలి.

ఈ నాలుగూ చూసినప్పుడు హద్దు ఎక్కడుందో నాకు తోచినది ఇది. ఒక బండి తన ఖర్చును తన యజమాని చేతనే చెల్లించుకొంటున్నంతకాలం అది ఎంత పాతదైనా గౌరవానికి తగినది. దాని ఖర్చు దారిన పోయేవారి మీద, ఇంటివారి మీద పడటం మొదలైన రోజున, మీటరులో యాభై వేలే ఉన్నా, అది హద్దు దాటింది.

చట్టం చాలదా?

చట్టం ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. సరుకు బండికి ఎనిమిదేండ్ల వరకు రెండేండ్లకు ఒకసారి, ఆ తరువాత ప్రతి సంవత్సరం ఎఫ్.సి. తీసుకోవాలి. ఎమిషన్ టెస్టు ఉంది. 2020 ఏప్రిల్ నుండి కొత్త బండ్లు భారత్ స్టేజ్ ఆరు ప్రమాణాల ప్రకారం ఉండాలి. పదిహేనేండ్లు దాటిన సరుకు బండ్లను పరీక్షించి తీసివేసే విధానం 2021లో ప్రకటించారు. ఢిల్లీ ప్రాంతంలో పదేండ్లు దాటిన డీజిలు బండ్లు నడపకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆదేశించాయి. వయస్సును బట్టి తీర్పు చెప్పాలా, బండి స్థితిని బట్టి చెప్పాలా అనే వాదం 2025లో కూడా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది.

పైన మీటరు గూర్చి చెప్పినదే ఇక్కడ కూడా చెప్పాలి. వయస్సు లెక్కించడం తేలిక, స్థితి కనిపెట్టడం కష్టం. అందుకే చట్టం వయస్సును పట్టుకుంటుంది. పదహారేండ్ల బండి శుభ్రంగా నడవవచ్చు, ఆరేండ్ల బండి పొగబండి కావచ్చు. ఎఫ్.సి. సంవత్సరంలో ఒక్క రోజు చూస్తుంది. ఆ ఒక్క రోజు కోసం మంచి టైర్లు అరువు తెచ్చి బిగించి, మరునాడు విప్పేవాడు అధికారిని మోసగించానని అనుకుంటాడు. మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజులు ఆ అరిగిన టైర్ల మీద కూర్చునేది తానే.

బీదవాని మాట

ఇంతవరకు చదివిన తరువాత ఒక సహోదరుడు ఇలా అనవచ్చు: "అయ్యగారూ, మీరు చెప్పినది బాగానే ఉంది. నా బండి పొగ చిమ్ముతోంది, ఇంజను చేయించడానికి డబ్బు లేదు, కొత్త బండికి అంతకన్నా లేదు. బండి ఆపితే పిల్ల కాలేజీ ఫీజు ఎవరు కడతారు?" ఈ మాటను త్రోసివేసే హక్కు మనకు లేదు. అంతేకాదు, కొత్త బండి కొన్నంత మాత్రాన మనిషి నీతిమంతుడు కాడు. కొత్త బండికి పొగ తక్కువ, కిస్తు ఎక్కువ. ఆ కిస్తు కోసం రాత్రింబగళ్ళు నడిపి, తూలుతున్న కండ్లతో హైవే మీద పోయేవాడు, అప్పు లేని పాత బండిలో పగలు మాత్రమే నడిపేవానికన్నా అపాయకరమైనవాడు. బ్యాటరీ బండ్లు వస్తున్నాయి. వాటికి ఆయిలు లేదు, పొగ లేదు. బ్రేకు, టైరు, నిద్ర మాత్రం వాటికీ ఉన్నాయి.

ఇక్కడ మన వంతు కూడా ఉంది. ఇల్లు మారేటప్పుడు నలుగురు పికప్పు వారిని అడిగి, అందరికన్నా తక్కువ బాడుగ చెప్పినవానిని పిలుస్తాము. ఫ్యాక్టరీలో సరుకు పంపించే పనిలో ఉన్న మనవారు కూడా అదే చేస్తారు. అందరికన్నా తక్కువకు ఎవడు రాగలడు? ఆయిలు మార్చనివాడు, రెండింతలు ఎత్తేవాడు, నిద్రపోనివాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని సామెత. బేరమాడి మిగిల్చుకున్న మూడు వందల రూపాయలతోనే ఆ పొగను మనం కూడా కొన్నాము. న్యాయమైన బాడుగ ఇవ్వడం, వంద కేజీలు ఎక్కువ ఎక్కించమని బలవంతం చేయకపోవడం, రాత్రి రెండు గంటలకు రమ్మనకపోవడం, ఇవి బండి లేనివారు చేయగలిగిన సర్వీసు.

సంఘంగా చేయదగినది కూడా ఒకటి ఉంది. కష్టంలో ఉన్న సహోదరునికి ఇంజను పని నిమిత్తం వడ్డీ లేని చేబదులు నలుగురు కలిసి ఇవ్వగలరు. పెండ్లి భోజనాలకు మనం కలిసి పెట్టే ఖర్చుతో పోలిస్తే అది పెద్దదేమీ కాదు. "నీ బండి ఆపివేయి" అని చెప్పే నోటికి ఆ సహాయంలో పాలు ఉండాలి.

కిలోమీటరుకు ఒక రూపాయి

చివరగా బండ్లు నడిపే సహోదరులకు ఒక మనవి. ఇది ఉపాధ్యాయుని అలవాటు కనుక మళ్ళీ లెక్కే. ప్రతి శనివారం మీటరు చూడండి. ఆ వారం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అన్ని రూపాయలు ప్రక్కన పెట్టండి, పోస్టాఫీసులో గాని బ్యాంకులో గాని వేయండి. డీజిలు, టైర్లు, సర్వీసు ఖర్చులు దీనిలోనుండి తీయవద్దు; అవి రోజువారీ రాబడిలోనుండే పోవాలి. సంవత్సరానికి 45,000 రూపాయలు. తొమ్మిదేండ్లకు 4,05,000, వడ్డీ వేరు. ఇంజను పని తప్పనిసరి అయిన రోజున చేయించుకోవచ్చు. బండిని విడువవలసిన రోజు వస్తే తరువాతి బండికి ముందుగా కట్టవలసిన సొమ్ము చేతిలో ఉంటుంది, కిస్తు తగ్గుతుంది, రాత్రి నిద్ర మిగులుతుంది. అప్పుడు మీటరులో పెరిగే ప్రతి అంకె అరిగిపోయిన దూరంతో పాటు దాచిన సొమ్మును కూడా చెబుతుంది.

దానితో పాటు నెలకొకసారి మూడు ప్రశ్నలు వేసుకోండి. నా బండి వెనుక నా బిడ్డనే స్కూటరు మీద రానిస్తానా? మొగిలి ఘాటులో నా బండికి ఎదురుగా నా భార్య నడిచి వస్తుంటే ఈ బ్రేకులను నమ్ముతానా? ఈ రాత్రి నేను నడిపే బండిలో ప్రయాణికునిగా కూర్చుంటానా? మూడింటికీ అవునని మనస్సాక్షి చెబితే ఐదు లక్షలైనా ఆరు లక్షలైనా నడపండి. మీ నోటు పుస్తకం చూడటానికి మేము సంతోషంగా వస్తాము. ఒక్కదానికి కాదని చెప్పినా, బండిని ఆ రోజే మెకానిక్ షెడ్డుకు తోలండి. ఖర్చుకు చాలకపోతే సంఘ పెద్దలలో ఎవరికైనా చెప్పండి.